బోరు నీళ్లకి ఏరిన చేపలు

చేపలు కొనుక్కునే వాళ్లెవరైనా నాలుగు కాలాల పాటు బతికే చేపల్నే ఏరుకుంటారు. నేను మాత్రం ఆ వేసవిలో, తొందరగా చచ్చిపోయే చేపల్ని వెతుక్కుంటూ ఆమదాలవలసలో రైలెక్కాను. ఈ సంగతి ఎత్తితే మా ఆవిడ ఇప్పటికీ నా వైపు అదోలా చూస్తుంది. చూడనీ. నా స్థానంలో ఉంటే తనూ అదే చేసేది.

నరసన్నపేటలో నాది కాలిపోయిన మోటార్లకి వైండింగ్ చేసే కొట్టు. బల్ల మీద రాగితీగ చుట్టల పక్కన అడుగున్నర పొడవు గాజుతొట్టి ఒకటి పెట్టుకున్నాను. అడుగున నల్లమట్టి, అందులో మొక్కలు, ఓ వేరుముక్కకి పట్టించిన నాచు, పైన తేలే నాలుగు ఆకులు. అందులో కిల్లీ చేపలు ఒక జత. వేలంత కూడా ఉండవు. మగదాని ఒంటి మీద నీలం, ఆకుపచ్చ కలిసి మెరుస్తాయి, వాటి మధ్య ఎర్రటి చుక్కలు. ఎక్కడో ఆఫ్రికాలో సన్నటి వాగుల్లో, వాన గుంటల్లో పుట్టిన జాతి. చిన్న తొట్టి చాలు, గాలి మోటారు హోరు అక్కర్లేదు, మొక్కల జోలికి రావు. మూత మాత్రం ఉండాలి, లేదంటే ఎగిరి బయటపడతాయి. పొద్దంతా వార్నిష్ వాసన పీల్చే నాకు అటు చూస్తే ప్రాణం కాస్త కుదుటపడేది.

మా బావ, అంటే మా అక్క మొగుడు, కొబ్బరికాయల బేరానికి పేట వచ్చినప్పుడల్లా నా కొట్లోనే కూర్చుంటాడు. వాళ్లది ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కళ్లకి చల్లగా ఉండే నేల. ఆ చల్లదనంలోనే మనుషుల కిడ్నీలు పాడైపోతుంటాయి. ఎందుకన్నది ఇంతవరకూ ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్లంటారు, ఎండలో చాకిరీ అంటారు, నొప్పుల మాత్రలంటారు. ఏ వీధిలోకి వెళ్లినా ఓ ఇంటి ముందు మంచం మీద కాళ్లు వాచి, మొహం నల్లబడి ఎవరో ఒకరు పడుకుని కనిపిస్తారు. ఆ ఏడు మాఘమాసంలో ఆ మంచం మా బావ అన్నగారిది. డయాలసిస్‌కి ఆయన్ని భుజం పట్టుకుని ఆటో ఎక్కించిందీ దించిందీ బావే. ఆయన పోయాక బావ నవ్వడం తగ్గించాడు. నన్ను ఏడిపించడం కూడా తగ్గించాడంటే మీకు అర్థమవ్వాలి, మా ఇద్దరి మధ్యా మరో రకం మాటలే ఉండేవి కావు.

చైత్రం వెళ్లాక ఒక పొద్దున అక్క ఫోను చేసింది.

“ఒరే తమ్ముడా, మీ బావ కాల్ల మీద ఏలెట్టి నొక్కితే గుంట పడిపోతన్నాదిరా. ముద్ద సయించడం నేదు. రగతం ఇచ్చి రమ్మంతే ఇంతెత్తున లెగుస్తన్నాడు. నా మాట ఇనడు. నువ్వేనా సెప్పు.”

బావ అన్నగారి కాళ్ల గురించి కూడా అక్క మొదట్లో ఇలాగే చెప్పింది.

ఆ వారంలోనే బావ పేట వచ్చాడు. బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని, నేను నోరు తెరవక ముందే తొట్టి వైపు తల తిప్పేసుకున్నాడు.

“ఏటిరా ఇవి? కొత్తవేటి?”

“కిల్లీ చేపలు బావా.”

“కిల్లీ బడ్డీలో కొన్నావేటి? సున్నం రాసి ఇచ్చినాడా?”

నవ్వాను. నవ్వుతూనే అతని కాళ్ల వైపు చూశాను. చెప్పుల పట్టీలు దిగబడి అచ్చులు పడ్డాయి. ఇంక ఆగలేక, ఒక్కసారి పరీక్ష చేయించుకోమన్నాను. నాకు తెలిసినంతలో నచ్చజెప్పాను, బతిమాలాను, చివరికి అరిచాను. వైండింగ్ చేస్తున్న మోటారు బల్ల మీంచి కింద పడింది కూడా.

బావ తొణకలేదు. “మా అన్న పరీచ్చకి ఎల్లినంతవరకూ తోటలో కాయలు దింపించినాడు. ఎల్లొచ్చినాక మంచమెక్కినాడు. అది కల్లారా సూసినోన్ని నాను.”

పరీక్ష వల్ల జబ్బు రాదని చెప్పాను. విన్నట్టే లేడు. తొట్టినే చూస్తూ, వాళ్ల నాన్న సంగతి ఎత్తుకున్నాడు. వాళ్ల వైపు కొత్త నుయ్యి తవ్వించినప్పుడు ముందు కాలవలోంచి నాలుగు చేపల్ని పట్టి అందులో వదిలేవారట. అవి తేలకుండా తిరుగుతుంటేనే ఇంటిల్లిపాదీ ఆ నీళ్లు తాగేవారట. బోర్లు వచ్చాక గొట్టంలో చేపని వదిలే వీల్లేక ఆ అలవాటు పోయింది. ఊళ్లో శుద్ధి చేసిన నీళ్ల ప్లాంటు వచ్చి ఏళ్లయినా బావ ఆ నీళ్లు చప్పగా ఉంటాయని నోట పెట్టడు. తన బోరు నీళ్లే తాగుతాడు.

“ఒక పని సెయ్యిరా బామ్మర్దీ,” అన్నాడు. “ఇలాటి తొట్టి ఒకటి మా ఇంటికాడ ఎట్టు. మా బోరు నీలే పొయ్యాలి. నీ సేపలు సచ్చిపోనాయనుకో, మర్నాడే నువ్వు ఎక్కడికి రమ్మంతే అక్కడికొస్తాను. బతికినాయనుకో, నువ్వూ మీ అక్కా మరి నా జోలికి రాకూడదు.”

“చేపకీ నీ కిడ్నీకీ సంబంధం ఏముంది బావా?”

“మా తాతలకాన్నించీ సేపని సూసే నీలు తాగినాం. ఒప్పుకుంతావా, నేదా?”

ఒప్పుకున్నాను. వేరే దారి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. అతను లేచి వెళ్లిన తర్వాత బల్ల ముందు కూర్చుంటే, చేపలు ఏరాల్సింది నేనేనన్న సంగతి అప్పుడు తట్టింది.

నా తొట్టిలో ఉన్న రకం మొండిది. ఏ నీళ్లు పోసినా సర్దుకుపోతుంది. మన వరిచేల కాలవల్లోనే నెత్తి మీద తెల్లచుక్కతో తిరిగే చేప ఒకటుంది, అదీ కిల్లీ జాతే. అది మురుక్కాలవలో కూడా హాయిగా బతికేస్తుంది. వీటిలో ఏది తీసుకెళ్లినా బావ గెలుస్తాడు. గెలిచి మంచం ఎక్కుతాడు. కాబట్టి నాకు కావలసింది ఉప్పదనం, సున్నం ఉన్న నీళ్లకి తట్టుకోలేని రకం. బోరు నీళ్లలో రెండు రోజులు కూడా నిలవనిది. ఆలోచన పాడుదే. కానీ నాలుగు చేపల ప్రాణానికీ బావ ప్రాణానికీ బేరం పెడితే నాకు తూకం వెయ్యాల్సిన పనే లేదు.

విజయనగరంలో కిల్లీ చేపలు పెంచే ఆయన ఒకరున్నారు. బ్యాంకు ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. ఇంట్లో ఒక గది గదంతా గోడల పొడుగునా గాజు సీసాలు, తొట్లు. ప్రతి దాంట్లోనూ ఎండిన బాదం ఆకు వేసి ఉంచుతారు, నీళ్లు పలచటి టీ రంగులో ఉంటాయి. కిటికీలకి తడిపిన గోనెలు. లోపలికి అడుగు పెట్టగానే తేమ మొహానికి తగిలింది, ఎందుకో ఆసుపత్రి వార్డు గుర్తొచ్చింది.

ఆయన ఎంతో ప్రేమగా ఒక్కొక్క రకమే చూపించారు. బంగారు రంగుది అందంగానే ఉంటుంది గానీ పెద్దదవుతుందనీ, చిన్న తొట్టిలో పక్కవాటిని మింగేస్తుందనీ చెప్పారు. ఇంకో రకం మట్టిలో గుడ్లు పెట్టి వాన గుంట ఎండేలోగా చచ్చిపోతుందట, గుడ్లు మాత్రం మళ్లీ వానలు పడేదాకా ఆ పొడి మట్టిలోనే ఉంటాయట. చివర్న కిటికీ పక్క సీసాలో, నీటి పై అంచునే వేలాడినట్టుగా, అగ్గిపుల్లంత చేపలు కనిపించాయి. ఒంటి మీద నలుపు, మీగడ రంగు పట్టీలు. తోక మధ్యలో ఎర్రగా, అంచుల్లో నీలంగా, దీపం వత్తి మంటలా ఉంది.

“క్లౌన్ కిల్లీ అంటారండీ వీటిని. మొక్కలున్న చిన్న తొట్టికి వీటిని మించినవి లేవు. కాకపోతే బహు సుకుమారం. మెత్తటి నీళ్లే కావాలి. కాస్త ఉప్పదనం తగిలినా తేలిపోతాయి.”

“ఇవే ఇవ్వండి,” అన్నాను.

“తొట్టి ఎక్కడ పెడుతున్నారు?”

ఊరి పేరు చెప్పాను. ఆయన చేతిలోని వల సీసా అంచు మీదే ఆగిపోయింది. ఆ ఊరి పేరు చెబితే ఈ రెండు జిల్లాల్లో ఎవరైనా అలాగే ఆగుతారు.

“అక్కడి నీళ్లకి ఇవి వద్దండి. గట్టి రకం ఇస్తాను, పట్టుకెళ్లండి. పిల్లలప్పటి నుంచీ సాకినవాణ్ణి, తెలిసి తెలిసి చచ్చే చోటికి ఎలా పంపమంటారు?”

వాన నీళ్లు పట్టి పోస్తామని అబద్ధం చెప్పాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, ఆరు చేపల్ని సంచుల్లో కట్టి, రైల్లో ఎండ తగలకుండా తడిగుడ్డ చుట్టి ఇచ్చారు. బాదం ఆకులు కూడా ఓ కట్ట చేతిలో పెట్టారు. గుమ్మం దాకా వచ్చి, జాగ్రత్తండీ అన్నారు. ఆ మర్యాద నాకు గుచ్చుకుంది.

మర్నాడు బావ ఇంటి అరుగు మీద తొట్టి పెట్టాను. మట్టి పరిచి, మొక్కలు నాటి, బావ కళ్ల ముందే బోరు మోటారు వేసి నీళ్లు నింపాను. అక్క గుమ్మంలో నిలబడి చూసింది. పందెం సంగతి తనకి తెలుసు, ఎలాంటి చేపలు తెచ్చానో కూడా చెవిలో చెప్పాను. రాత్రంతా నీళ్లు తేరనిచ్చి పొద్దున్న చేపల్ని వదలమని బావకి అప్పజెప్పి, సాయంత్రం బస్సుకి వచ్చేశాను. దారంతా, రెండు మూడు రోజుల్లో బావని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కొట్టు ఎవరికి అప్పగించాలా అని ఆలోచించుకుంటూ వచ్చాను.

రెండు రోజులు పోయాయి. వారం పోయింది. అక్క ఫోను చేసి, “తిరగతన్నాయిరా,” అంది. అంతే, పెట్టేసింది.

నాకు బుర్ర పనిచెయ్యలేదు. మృగశిర కార్తె వచ్చి తొలకరి పడింది, చేపలు తిరుగుతూనే ఉన్నాయి. శ్రావణంలో బావ వీడియో కాల్ చేసి నాచు దగ్గర ఫోను పెట్టి చూపించాడు. సూది మొనంత కళ్లతో పిల్లలు. చచ్చిపోవాల్సిన చేపలు గుడ్లు పెట్టి పిల్లల్ని కూడా చేశాయి.

“ఏటన్నావురా బామ్మర్దీ? సేపకేటి తెలుసన్నావు. సూడు, సంసారం ఎట్టీసినాయి!”

బావ మళ్లీ నవ్వుతున్నాడు. ఆ నవ్వు కోసం ఎంత ఎదురుచూశానో, అది వచ్చాక అంత భయపడ్డాను. ఫోను తెరలో అతని మొహం ఉబ్బినట్టుంది, కళ్ల కింద మరీను. మాట ఇచ్చాను కాబట్టి జోలికి వెళ్లకూడదు. అక్క మాత్రం నాతో మాట్లాడటం తగ్గించింది. ఏరి ఏరి తెచ్చావు కదరా అని ఒక్కసారి అని ఊరుకుంది.

అంతకన్నా దారుణం మరొకటి జరిగింది. వీధిలో వాళ్లు చేపల్ని చూడ్డానికి రావడం మొదలెట్టారు. బోరు నీళ్లలో రంగుచేపలు పిల్లలు పెడుతున్నాయన్న మాట ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పాకింది. పక్కింటి ముసలాయన ప్లాంటు నీళ్లు తేవడం మానేసి మళ్లీ బోరు నీళ్లే తాగుతున్నాడని అక్క చెప్పింది. కొట్టు మూసేసి బస్సెక్కాను.

మిట్టమధ్యాహ్నం వెళ్లాను. అక్క జీడిపప్పు బట్టీ పనికి వెళ్లింది. బావ అరుగు మీద తొట్టి ముందు కూర్చుని దోమ పురుగులు వేస్తున్నాడు. చేపలు వాటిని అందుకుంటున్నాయి, ఎంత ముచ్చటగా ఉన్నాయో చెప్పలేను. నేను మూత తీసి లోపలికి చూశాను. ఎండకి నీళ్లు రెండు వేళ్ల మేర ఇగిరిపోయాయి. ఇగిరిన చోట గాజు తళతళలాడుతోంది.

పేట నీళ్లకే నా తొట్టికి వారం తిరిగేసరికి తెల్లటి చార కడుతుంది, బ్లేడుతో గీకాల్సి వస్తుంది. ఇక్కడ అదే అరుగు మీద, బోరు నీళ్లు పట్టుకునే ఇనప బకెట్టుకి లోపలంతా సున్నం కొట్టినట్టు పొర పట్టి ఉంది. గాజుకి మాత్రం ఒక్క మరక లేదు.

“బావా, ఇందులో నీళ్లెక్కడివి?”

“బోరువే. నువ్వే పోసినావు గదరా.”

నేను బకెట్టు ఎత్తి అతని ముందు పెట్టాను, తొట్టి అంచు వేలితో చూపించాను. బావ లేచి, అరుగు చివర కొబ్బరి పీచు గుట్ట వెనక నుంచి ప్లాంటు నీళ్ల క్యాను లాగి చూపించాడు.

“నువ్వు బస్సెక్కినావా, ఈ సేపల్ని సూస్తే నాకు బయమేసినాదిరా. సచ్చిపోతే ఎల్లాలి గదా. ఎల్తే సెప్పేస్తారు గదా. పొద్దున్న మీ అక్క పనికెల్లినాక ఆ నీలు పారబోసి ఈ నీలు ఎట్టినాను. అప్పట్నించీ అలాగే తెస్తన్నాను.”

“మరి నువ్వు?”

“నాను బోరువే.”

నా కోపం ఎటు పోయిందో తెలీదు. చేపలకి మంచినీళ్లు మోసుకొచ్చి పోసి, తను మాత్రం ఆ బకెట్టు నీళ్లే తాగుతూ కూర్చున్నాడు. నేనూ చెప్పేశాను, బోరు నీళ్లలో చచ్చిపోయే రకాన్నే ఏరి తెచ్చానని. బావ నోరు తెరిచి నా వైపు చూసి, పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం దొంగలమే, ఎవడి దొంగతనం వాడిది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నవాడు అరుగు స్తంభానికి తల ఆనించి ఏడ్చాడు. మా బావ ఏడవడం వాళ్లన్న పోయిన రోజున కూడా నేను చూడలేదు.

“ముసలోడు ప్లాంటు నీలు మానీసినాడంట. ఆ మాట ఇన్నకాడ్నించీ నాకు నిద్దర నేదురా,” అన్నాడు. కళ్లు తుడుచుకుని, లుంగీ సర్దుకుని, పక్కింటికి నడిచాడు. గుమ్మంలో నిలబడి వీధంతా వినపడేలా చెప్పాడు. “మావా, ఆ సేపలకి పోసినవి బోరు నీలు కాదు. నాను మోసం సేసినాను. నువ్వు బేగి ఎల్లి ప్లాంటు నీలు తెచ్చుకో.” ముసలాయన ఏదో తిట్టాడు. తిట్టించుకుని తలొంచుకుని వచ్చి, “పద,” అన్నాడు నాతో.

ఆ రోజే శ్రీకాకుళం తీసుకెళ్లాను. రక్తం తీశారు. బల్ల మీద కూర్చున్నాం. గోడకున్న టీవీలో ఏదో నడుస్తోంది, బావ దాని వైపు చూస్తూ కూడా చూడటం లేదు. అక్కకి ఫోను చేద్దామంటే వద్దన్నాడు. చాలాసేపటికి లోపలి నుంచి ఒకామె వచ్చి బావ పేరు పిలిచి, “ఈయనతో వచ్చిందెవరండీ? డాక్టరు గారు మిమ్మల్ని రమ్మంటున్నారు,” అంది.

నేను లేచాను. బావ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

“తాగింది నాను. నాకే సెప్పమనండి.”

ఇద్దరం వెళ్లాం. డాక్టరు కుర్రాడే, మాట మెత్తన. రెండు కిడ్నీలూ సగం కన్నా తక్కువే పనిచేస్తున్నాయన్నాడు. పోయినది తిరిగి రాదనీ, మిగిలినదాన్ని కాపాడుకోవాలనీ, ఏం తినాలో ఏం మానాలో నెమ్మదిగా చెప్పాడు. బావ అన్నింటికీ తలూపాడు. లేవబోతూ ఒకటే ప్రశ్న అడిగాడు.

“ఏసంగిలో వచ్చుంతే?”

డాక్టరు కాగితాల వైపు చూసి, “అప్పటికి ఇంత పోయుండేది కాదండి,” అన్నాడు.

బయటికి వచ్చి మెట్ల మీద చెప్పులు వేసుకుంటుంటే బావకి పట్టీలు ఎక్కలేదు. నేను వంగి సర్దబోయాను. అతను నా భుజం మీద చెయ్యేసి ఆనుకున్నాడు.

“ఆ సేపల్ని నాను సావనివ్వాల్సిందిరా,” అన్నాడు.

పట్టీ వదులు చేసి, కాలు అందులో పెట్టించి, ఆటోని పిలిచాను.